ఒక లాప్‌టాప్ ఎక్కువుంది

ఇచ్చోడ దగ్గర హైవే దాబాలో టీ గ్లాసు ఎత్తిన నాగయ్య దాన్ని మళ్లీ బల్ల మీద పెట్టలేదు.

గ్లాసు జారి పగిలింది. మనిషి పక్కకు ఒరిగాడు. దాబా యజమాని గుండెపోటు అనుకుని పరుగెత్తుకొచ్చి నీళ్లు చల్లాడు. అంతసేపూ ఎదురుగా కూర్చుని నవ్వుతూ మాట్లాడిన నల్లకళ్లద్దాల మనిషి అప్పటికే లేచి వెళ్లిపోయింది. రోడ్డు మీద పత్తి లారీలు వాటి మానాన అవి పోతున్నాయి.

లోకానికి నాగయ్య పత్తి బ్రోకరు. భైంసా నుంచి ఆదిలాబాద్ దాకా తిరగని జిన్నింగ్ మిల్లు లేదు. లోకానికి తెలియనిది ఏమంటే అతను 'యూనిట్ సెవెన్'కు ఇన్ఫార్మర్. విదేశీ గూఢచారుల్ని వెతికి పట్టుకునే విభాగం అది. ప్రాణం పోయేముందు నాగయ్య బల్ల కింద బొటనవేలితో ఒక మెసేజ్ కొట్టాడు. ఒకే ఒక్క వాక్యం.

"గేట్ల ఆఫీసుల ఒక లాప్‌టాప్ ఎక్కువుంది."

*

కరీంనగర్‌లో ఒక వెండి నగిషీ దుకాణం. దాని వెనక గదిలో యూనిట్ సెవెన్ చీఫ్ కరుణాకర్ ఆ మెసేజ్‌ను బల్ల మీదుగా ముందుకు తోశాడు.

"కూర్చో స్తుతీ."

"నిలబడ్తా సార్."

స్తుతికి కూర్చోవడం చేతకాదు. గదిలో ఉన్నంతసేపూ కిటికీ దాకా వెళ్తుంది, మళ్లీ వస్తుంది. చేతిలో పెన్ను ఉంటే మూత తీస్తుంది, పెడుతుంది. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. ఆ చదువును ఊరికే పోనివ్వకూడదన్న తొందర ఆమెను ఒకచోట నిలవనివ్వదు.

"నల్లబండ రిజర్వాయర్. ఈ ఏడు వానలు ఆగలేదు. నిండుకుండలా ఉంది," చీఫ్ మొదలుపెట్టాడు. "దాని గేట్లు ఎత్తే కమాండ్ ఇక్కడ, కరీంనగర్ కంట్రోల్ ఆఫీసు నుంచి పోతుంది. ఆఫీసు సిస్టంలో రిజిస్టరైన లాప్‌టాప్‌ల నుంచే పోతుంది. బయటి మెషీన్‌కు ఆ దారి లేదు."

"లోపల ఒకటి దూరింది అంటరు."

"బ్లాక్ హెరాన్. విదేశీ ముఠా. గేట్లన్నీ ఒకేసారి లేపుతారు. ఆ తర్వాత ఏ దేశంలోనైనా ఏ డ్యామ్ దగ్గరైనా ఇది మా చేతిపని అని బేరం పెట్టుకుంటారు. నల్లబండ వాళ్లకు శాంపిల్."

స్తుతి కిటికీ దగ్గర ఆగింది. "నల్లబండ కింద వాగొడ్డు మీదనే మా ఊరు సార్. మా అవ్వ గాడనే ఉంటది."

"మీ అమ్మ అక్కడుందని తెలుసు. అందుకే నీకు ఇవ్వొద్దనుకున్నా. కాని ఆ మనుషులు, ఆ మాట నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అమ్మకు ఒక్క ముక్క చెప్పకూడదు. చెబితే ఊరంతా పొక్కుతుంది, హెరాన్ తేదీ మార్చుకుంటుంది, మనం మళ్లీ మొదటికొస్తాం."

"నా వేషం?"

"లాప్‌టాప్‌లకు పేర్లు పెట్టే టెక్నీషియన్."

స్తుతి మొదటిసారి నవ్వింది. చీఫ్ నవ్వలేదు.

"ఆ ఆఫీసులో ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టుకున్నారు. ఏది ఎవరిదో, ఏది ఎక్కడుందో సిస్టంలో చూస్తే తెలియదు. అన్నిటికీ ఒకే పద్ధతిలో పేర్లు పెట్టు. అప్పుడు ఎక్కువైన ఆ ఒక్కటీ బయటపడుతుంది." సొరుగులోంచి చేతిలో ఇమిడే లేబుల్ ప్రింటర్ తీశాడు. "ఇది కొట్టే స్టిక్కర్లలో వెంట్రుక మందం చిప్ ఉంది. స్టిక్కర్ ఎక్కడుంటే అక్కడ మన మ్యాప్‌లో చుక్క వెలుగుతుంది. శత్రువు దొరికాడో లేదో తెలియాలంటే నేను 'పాలపిట్ట కనబడ్డదా' అని అడుగుతా. నువ్వు 'కనబడ్డది' అంటే మనిషి చిక్కినట్టు."

"ఒక్కదాన్నేనా?"

"అక్కడ ఆమని ఉంది. ఆడిటర్ వేషం. మూడేళ్లు హెరాన్ ముఠాలో వాళ్ల మనిషిగా నటించి, మనకు సమాచారం పంపిన డబుల్ ఏజెంట్. ఆమె మాట విను."

*

కంట్రోల్ ఆఫీసు పెద్ద రామకిషన్‌రావు. రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ ఇంజనీరు. స్తుతి ఆయన ఎదుట స్క్రీన్ తిప్పి సిస్టంలోని పేర్లు చూపించింది. మల్లన్నదయ. చిన్నోడు. ఇంకో చిన్నోడు. ముట్టకు. డెస్క్‌టాప్ అని మొదలై అర్థంకాని అక్షరాలతో సాగేవి కొన్ని.

"'ముట్టకు' ఎవరిది సార్?"

"అకౌంట్స్‌ల శ్రీహరిది. ఎవలన్న ముడితే వానికి పడది," అన్నాడాయన. "పేర్లుంటె తప్పేంది బిడ్డా? మా ఇంట్ల గిన్నెలకు గుడ పేర్లు కొట్టిచ్చినం. లేకపోతె పక్కింటోళ్ల గిన్నెల కలుస్తయి."

"గిన్నెలు డ్యామ్ గేట్లు ఎత్తయ్ కద సార్."

రామకిషన్‌రావు నవ్వి కళ్లద్దాలు సర్దుకున్నాడు. "జవాబు మంచిగనే జెప్తున్నవ్. కానియ్యి."

కొత్త పద్ధతి సులువు. మొదట ఊరు, తర్వాత పని, చివర అంకె. కరీంనగర్‌లో గేట్ల విభాగపు నాలుగో లాప్‌టాప్ అయితే కేఎన్‌ఆర్-గేట్-04. ఆదిలాబాద్‌లో సర్వే విభాగపు రెండోది ఏడీబీ-సర్వే-02. స్తుతి సర్వర్ నుంచి ఆర్డర్ పంపుతుంది. లాప్‌టాప్ రీస్టార్ట్ అయ్యి కొత్త పేరుతో లేస్తుంది. ఆమె వెళ్లి మూత మీద అదే పేరు స్టిక్కర్ అతికిస్తుంది.

నల్లబండ గేట్ల ఆపరేటర్ మంజుల తన లాప్‌టాప్‌ను చున్నీలో చుట్టుకుని బస్సులో వచ్చింది. దాని పేరు 'బంగారం'.

"పేరు దీసేస్తె నా మాట వింటదా అక్కా?"

"పేరే మారుతది మంజులా. బుద్ధి మారది."

"మా ఆయనక్కూడ గట్లనే జెప్పిన్రు, పెండ్లప్పుడు," అంది మంజుల. స్టాఫంతా ఘొల్లుమన్నారు.

ఆ నవ్వుల మధ్యలోకి ఆమని వచ్చింది. బిగించి కట్టిన లినెన్ చీర, చెవులకు ముత్యాలు, భుజానికి గోధుమరంగు లెదర్ బ్యాగు. ఆమె నడిచొస్తుంటే గుమాస్తాలు తమకు తెలియకుండానే చొక్కాలు సర్దుకున్నారు.

"పేర్లు బాగున్నాయి," అంది స్తుతి పక్కన కుర్చీ లాక్కుని. "ఒక చిన్న సూచన. ఇప్పటిదాకా గేట్ల పర్మిషన్ రావుగారు రోజూ ఒక్కొక్క లాప్‌టాప్‌కూ స్వయంగా ఇస్తున్నారు. ఎందుకంత శ్రమ? పేరులో 'గేట్' ఉన్న ప్రతి మెషీన్‌కూ పర్మిషన్ దానంతటదే వచ్చేలా రూల్ పెట్టెయ్. పద్ధతి అంటే అదేగా."

సూచన సబబుగా ఉంది. చెప్పింది చీఫ్ నమ్మిన మనిషి. స్తుతి ఆ రూల్ పెట్టింది.

"మేడమ్‌కు కూడ ఒక పేరుండాలె," అంటూ లేబుల్ ప్రింటర్ నొక్కి, కేఎన్‌ఆర్-ఆడిట్-01 అన్న స్టిక్కర్‌ను ఆమని బ్యాగు అడుగున అతికించింది. ఆమని కిలకిలా నవ్వింది. ఆ స్టిక్కర్లలో ఏముందో చీఫ్ ఆమెకు చెప్పలేదు. స్తుతీ చెప్పలేదు. దాచాలని కాదు, అడిగితే చెప్పేది.

దసరా నాలుగు రోజుల్లో ఉందనగా పేర్ల పని పూర్తయింది. సిస్టంలో ఎన్ని లాప్‌టాప్‌లో బయట అన్నే లాప్‌టాప్‌లు. ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"మిషన్ క్లోజ్," అన్నాడు చీఫ్ ఫోన్‌లో. "నాగయ్య పొరపడ్డాడు."

"పొరపడ్డోన్ని ఎందుకు సంపుతరు సార్?"

స్తుతి ఆఫీసు వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉంది. ప్రార్థన మందిరంలో మోకరించినా, కళ్లు మూస్తే పేర్లే కనిపిస్తున్నాయి. లెక్క సరిపోయింది. సరిపోవడమే ఆమెకు నచ్చలేదు.

"దసరా దాకా ఉంట సార్," అంది చివరికి.

*

దసరా పొద్దున స్తుతి తన తల్లి సాయవ్వకు ఫోన్ చేసింది. వెనక జాతర గోల వినిపిస్తోంది. నల్లబండ కింద, వాగు ఇసుకలో ఏటా దసరాకు అంగళ్లు పడతాయి. ఈసారీ పడ్డాయి.

"అవ్వా, ఏడున్నవే?"

"ఏడుంట? ఇసుకల పొయ్యి పెట్టిన. మక్క కంకులు కాలుస్తున్న. నువ్వొస్తవేమోనని లేతయి పక్కకు దీసిన."

"డ్యూటీ ఉన్నది."

"పండుగనాడు గుడ పేర్లు పెట్టుడేనా? గదేం నౌకరే నీది!"

స్తుతి ఫోన్ పెట్టేసి హాల్లోకి వెళ్లి గుమ్మంలోనే ఆగిపోయింది.

పొడవాటి బల్ల మీద ఎర్రగుడ్డ పరిచారు. దాని మీద ఆఫీసులోని లాప్‌టాప్‌లన్నీ మూతలు మూసి వరసగా పేర్చి ఉన్నాయి. ఆదిలాబాద్ నుంచి కూడా ముందురోజే జీపులో వచ్చేశాయి. వాటి పక్కన టేపులు, స్పానర్లు, చివరికి స్టేప్లర్ కూడా. రామకిషన్‌రావు ఒక్కొక్క మూతకూ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, బంతిపువ్వు పెడుతున్నాడు.

"ఆయుధ పూజ బిడ్డా. మన పనిముట్టే మనకు ఆయుధం," అన్నాడు. "ఒక్కటి గుడ బయట ఉండద్దు. రేపటిదాంక ఎవ్వరు ముట్టద్దు. ఇయ్యాల వీటికి సెలవు."

"మరి గేట్లు సార్?"

"మంజుల గాడనే ఉన్నది. చేతి పానెల్ ఉన్నది. కంప్యూటర్లు రాకముందు నుంచి నడిచిన పద్ధతే." స్తుతి చేతిలోని లాప్‌టాప్ చూసి గొంతు తగ్గించాడు. "నీది పెట్టాలని లేదమ్మా. మీ ఇంట్ల మొక్కరు కద. నీ దగ్గరనే ఉంచుకో, ఎవ్వరేమనరు."

స్తుతి తలూపి కిటికీ పక్కకు వెళ్లింది.

హారతి మొదలయ్యే వేళకు ఆమని వచ్చింది. నెమలికంఠం రంగు పట్టుచీర, జడలో పొడుగాటి వెండి పిన్ను. నవ్వుతూ లోపలికి వచ్చిన మనిషి బల్ల చూసి ఒక్క క్షణం నిలబడిపోయింది.

"అన్నీ పెట్టేశారా? మా ఢిల్లీ ఆఫీసులో అయితే అందరి తరఫున ఒక్కటి పెడతారు."

"ఒక్కదానికి బొట్టు పెట్టి మిగితావాటిని ఉత్తగ వదిలేస్తమా మేడమ్?" అన్నాడు రామకిషన్‌రావు.

ఆమని నవ్వింది. కాని ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది. గడియారం చూసుకుంది. మళ్లీ చూసుకుంది.

స్తుతికి నిలకడ లేకపోవడం ఈసారి పనికొచ్చింది. చేతులు ఊరుకోక తన లాప్‌టాప్ తెరిచి సిస్టం చూసింది. ఈ పూట అందులో ఒక్క పచ్చచుక్కే ఉండాలి, తనది. మిగతావన్నీ బల్ల మీద ఆరిపోయి ఉన్నాయి.

రెండు పచ్చచుక్కలు ఉన్నాయి.

రెండోదాని పక్కన పేరు కేఎన్‌ఆర్-గేట్-04.

స్తుతి మెల్లగా తలతిప్పి బల్ల వైపు చూసింది. తాను అతికించిన స్టిక్కర్ స్పష్టంగా కనిపిస్తోంది. కేఎన్‌ఆర్-గేట్-04. మూత మీద కుంకుమ, బంతిపువ్వు. వెళ్లి చెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది.

అప్పుడు నాగయ్య మాట మొత్తం అర్థమైంది. ఎక్కువైన లాప్‌టాప్‌కు వేరే పేరు లేదు. అది ఉన్న లాప్‌టాప్‌కు కవల. అసలుదాని గుర్తింపు మొత్తం దానిలోకి కాపీ చేశారు. అసలుది ఆరినప్పుడే కవల వెలుగుతుంది, అందుకే లెక్క ఎప్పుడూ సరిపోతుంది. తాను పంపిన కొత్త పేరు దానికీ అందింది. పేరులో గేట్ ఉంది కాబట్టి తాను పెట్టిన రూల్ ప్రకారం గేట్ల పర్మిషన్ కూడా అందింది.

ఆ రూల్ ఎవరు పెట్టమన్నారు?

తల ఎత్తేసరికి ఆమని ఎదురుగా ఉంది. చేతిలో దేవుడికి కొట్టిన కొబ్బరికాయ చిప్ప.

"నీది ఒక్కటే ఎందుకు బయట ఉండాలి స్తుతీ? పండగ కదా," అంటూ చిప్పలోని నీళ్లన్నీ స్తుతి లాప్‌టాప్ కీబోర్డు మీద కుమ్మరించింది.

స్క్రీన్ ఒకసారి మెరిసి నల్లబడింది. ఆమని జడలోని పిన్ను లాగింది. కొనన నీలంరంగు చుక్క నిలిచి ఉంది.

"ఎవరైనా కదిలితే నాగయ్య దగ్గరికి వెళ్తారు." వెనక్కి నడుస్తూ గుమ్మం దాటింది. బయట కారు స్టార్టయిన చప్పుడు.

స్తుతి కాళ్లు ఆ కారు వెంట పరుగెత్తమన్నాయి. అంతలో ఫోన్ మోగింది. మంజుల.

"అక్కా, సైరన్ దానంతటదే మోగింది! చేతి పానెల్ లాక్ పడ్డది, ఏం నొక్కినా పనిజేస్తలేదు! గేట్లు లేపుమని ఆర్డర్ వచ్చినట్టు సూపెడ్తున్నది. మూడో సైరన్‌కు లేస్తయి అక్కా, కింద జనం..."

కింద జనం. కింద అవ్వ.

స్తుతి గుమ్మం వైపు నుంచి తిరిగింది. పారిపోయేవాళ్లను పట్టుకోవడానికి రేపు ఉంది, వాగుకు లేదు.

"సార్, ఒక లాప్‌టాప్ గావాలె. ఇప్పుడే. గేట్-04 వద్దు, ఇంకేదన్న."

స్టాఫ్ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పూజలో పెట్టిన దాన్ని కదిలించడం అరిష్టం. ఎవరి చెయ్యీ ముందుకు రాలేదు. రామకిషన్‌రావు హారతి పళ్లెం కింద పెట్టాడు. తన లాప్‌టాప్ మీది బంతిపువ్వు తీసి కళ్లకద్దుకుని, పైపంచెతో కుంకుమ తుడిచాడు.

"పని వడ్డప్పుడు తియ్యనీకే గద బిడ్డా ఆయుధానికి మొక్కుడు," అని మూత తెరిచి ఆమె ముందు పెట్టాడు.

స్తుతి వేళ్లు కీబోర్డు మీద పరుగెత్తాయి. పాస్‌వర్డ్ కొట్టింది. ఫోన్‌కు కోడ్ పంపాం, అదీ కొట్టమంది సిస్టం. సరిగ్గా అప్పుడే ఫోన్‌లో అవ్వ.

"ఏమే, గీ సైరన్ ఏందే? ఇయ్యాల గేట్లు ఎత్తరని జెప్పిన్రు కద?"

"అవ్వా, పొయ్యి ఇడిసిపెట్టి గట్టెక్కు."

"గిప్పుడే బేరం అందుకున్నది. గా సైరన్ పొద్దుమాపు మొత్తుకుంటనే ఉంటది..."

"అవ్వా!"

అమ్మకు ఒక్క ముక్క చెప్పకూడదు. చీఫ్ మాట ఆమె చెవిలోనే ఉంది. ఉద్యోగం ఇచ్చిన మనిషి మాట అది.

"నీళ్లొస్తున్నయవ్వా. కావాలని ఇడుస్తున్నరు. నేను ఆపుతున్న, ఆపలేకపోతె కష్టం. నా పని పేర్లు పెట్టుడు కాదు. ఇంక అడగకు."

సాయవ్వ ఇంకేం అడగలేదు, ఒక్కటి తప్ప.

"అందరికి చెప్పాల్నా?"

"అందరికి."

ఫోన్ ఇసుకలో పడిన చప్పుడు. ఆ వెనకే, సంతల్లో బేరాలాడి కాకలు తీరిన ఆ గొంతు. "లేవుండ్రి! పోరగాండ్లను ఎత్తుకోండ్రి! నీళ్లొస్తున్నయ్! ఏయ్ గాజులమ్మా, గాజులు పోతె పోనియ్యి, నువ్వు లే!"

రెండో సైరన్ ఫోన్‌లోంచి హాలంతా నిండింది.

కోడ్ కొట్టింది. సిస్టం తెరుచుకుంది. కేఎన్‌ఆర్-గేట్-04. ఆ మెషీన్‌ను ఆపే మీట లేదు, అది వాళ్ల చేతుల్లో ఉంది. కాని పేరు మాత్రం తన చేతుల్లో ఉంది. పేరు మారిస్తే రీస్టార్ట్ అవుతుంది. రీస్టార్ట్ అయితే వాళ్ల కమాండ్ మధ్యలో తెగుతుంది. లేచేటప్పటికి పేరులో గేట్ ఉండదు, పర్మిషన్ ఉండదు.

కొత్త పేరు అడిగింది సిస్టం. ఊరు, పని, అంకె ఆలోచించే తీరిక లేదు. వేళ్లకు ఏది తోస్తే అది కొట్టాయి.

అవ్వ.

'వెంటనే బలవంతంగా రీస్టార్ట్' అన్నదాన్ని నొక్కింది.

ఆర్డర్ పంపబడింది. పెండింగ్.

పెండింగ్.

స్తుతి లేచి నిలబడింది, కూర్చుంది, మళ్లీ లేచింది. "ప్రభువా, అందనియ్యి," అని గొణిగింది. పక్కనే రామకిషన్‌రావు పెదవులు కూడా కదులుతున్నాయి, ఎవరి దేవుడికి వాళ్లు.

మూడో సైరన్ ఎత్తుకుంది.

"లేస్తున్నయక్కా!" రామకిషన్‌రావు ఫోన్ స్పీకర్‌లో మంజుల కేక. "గేట్లు లేస్తున్నయ్!"

పెండింగ్ అన్న మాట మాయమైంది. పచ్చచుక్క బూడిదరంగుకు మారింది. సైరన్ కూత మధ్యలోనే తెగిపోయింది.

ఫోన్‌లో నీళ్ల హోరు మాత్రం వినిపిస్తోంది.

"ఆగినయ్," అంది మంజుల. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియదు. "జానెడు లేసి ఆగినయ్. నా పానెల్ పనిజేస్తున్నదక్కా. దించుతున్న."

పచ్చచుక్క మళ్లీ వెలిగింది. పక్కన పేరు: అవ్వ. పర్మిషన్: లేదు. మెషీన్ ఎక్కడుందో దాచిన వాళ్ల ముసుగు కూడా రీస్టార్ట్‌తో తొలగింది, సిస్టం ఇప్పుడు బుద్ధిగా చూపిస్తోంది. ఇచ్చోడ. నాగయ్య ఆఖరి టీ తాగిన దాబా, దాని మీది గది.

*

ఇచ్చోడ గదిలో ఇద్దరు విదేశీయులు, ఒక లాప్‌టాప్ దొరికారు. ఆమని కారు ఒక పెట్రోల్ బంకు వెనక ఖాళీగా దొరికింది.

"పోయింది. వేషాలు మార్చడంలో ఆమెను మించినవాళ్లు లేరు," అన్నాడు చీఫ్ ఫోన్‌లో.

స్తుతి మ్యాప్ తెరిచింది. కేఎన్‌ఆర్-ఆడిట్-01 అనే చుక్క హుస్నాబాద్ మార్కెట్ నడుమ నిదానంగా కదులుతోంది.

మార్కెట్లో జమ్మి ఆకు అమ్మేవాళ్లు బారులు తీరి ఉన్నారు. వెలిసిన నూలుచీర, ముఖం నిండా పసుపు, నోట్లో పొగాకు, పక్కన గోనెసంచి పెట్టుకుని ఒక ముసలమ్మ ఓ మూలన కూర్చుని ఉంది. మఫ్టీలో ఉన్న టీం చుట్టూ చేరాక స్తుతి ఆమె ముందు గొంతుక్కూర్చుంది.

"జమ్మి ఎట్లిస్తున్నవ్ అవ్వా?"

"నీకు ఊరికే బిడ్డా," అంది ముసలమ్మ. యాస కూడా అచ్చంగా ఉంది.

స్తుతి గోనెసంచిలో చెయ్యిపెట్టి లెదర్ బ్యాగును బయటికి లాగింది. తిప్పి అడుగు చూపించింది. ఆమని ఆ స్టిక్కర్‌ను గోటితో గీకి చూసింది.

"ఇటలీ బ్యాగు. పారేయబుద్ధి కాలేదు," అంది తన సొంత గొంతుతో. "నాగయ్య టీలో చక్కెర ఎక్కువ అడిగాడు. చేదు తెలియలేదు. బాధపడలేదని అతని ఇంట్లో చెప్పు."

"కోర్టుల నువ్వే చెప్పు మేడమ్."

ఫోన్ మోగింది.

"పాలపిట్ట కనబడ్డదా?"

"కనబడ్డది సార్. ఇంక ఎగరది."

*

మరునాడు స్తుతి నల్లబండ కింద ఇసుకలో, అవ్వ పక్కన కూర్చుని కంకి తింటోంది. చాలా రోజుల తర్వాత ఆమె కాళ్లు ఒకచోట నిలిచాయి. జానెడు నీళ్లు వచ్చిపోయిన చారలు ఇసుక మీద ఇంకా తడిగానే ఉన్నాయి.

"నీ పనేందో నేనడగ," అంది సాయవ్వ విసనకర్రతో నిప్పులు విసురుతూ. "నువ్వు గుడ చెప్పకు. కంకి తిను."

చీఫ్ ఫోన్ చేశాడు.

"రిపోర్ట్ చూశాను. శభాష్. 'గేట్' రూల్ తీసేశావు, మంచిది. కాని రిజిస్టర్లో ఒక పేరు మన పద్ధతిలో లేదు. 'అవ్వ' అంటే ఏ ఊరు? ఏ సెక్షన్? అంకె ఏది? వెంటనే సరిచెయ్యి."

"ఎవలే?" అంది సాయవ్వ.

"మా సారవ్వా."

సాయవ్వ మసిచేతుల్తో ఫోన్ అందుకుంది. "సారూ, వందనాలు. మీ ఆఫీసు నీళ్లకు నిన్న నా పొయ్యి ఆరిపోయింది, బొగ్గులన్ని తడిసినయ్. ఇగ మల్ల గట్ల చెయ్యకుండ్రి. పండుగపూట అన్నం తిన్నరా లేదా?"

అవతల యూనిట్ సెవెన్ అధిపతి రిపోర్ట్ మూసేశాడు.

"తిన్నానమ్మా," అన్నాడు. "ఫోన్ స్తుతికివ్వండి." ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఆ పేరు జోలికి పోకు. ఉండనీ."

ఆ లాప్‌టాప్ ఇప్పుడు సాక్ష్యాల గదిలో బీరువాలో ఉంది. దేశంలోని ఏ పద్ధతికీ లొంగని పేరుతో ఉన్న మెషీన్ యూనిట్ సెవెన్‌లో అదొక్కటే. దాన్ని మార్చమని ఆడిట్ వాళ్లు ఏటా రాస్తారు, చీఫ్ ఏటా అన్నం తిన్నాక చూస్తానంటాడు.